మోంతెస్తెఫనో రిసెర్వా: ఇరవై ఏళ్లు మాగిన బార్బరెస్కో సీసాకు, కొనుగోలు నుంచి చివరి గ్లాసు వరకు, సమగ్ర మార్గదర్శి

ఇరవై ఏళ్లు మాగిన ఇటలీ రెడ్ వైన్ సీసా ఇంటికి వచ్చినప్పుడు చాలామంది దాన్ని తెరిచే రోజు గురించే ఆలోచిస్తారు. అలాంటి సీసాలు ఎక్కువగా పాడయ్యేది ఆ రోజుకు ముందే: ఎండలో నిలిచిపోయిన పార్సిల్‌లో, వంటగది పైఅరలో, అతిథులు వచ్చే గంట ముందు హడావిడిగా లేపి ఊపేసిన చేతుల్లో. వైన్ చేసినవారి పని సీసాకు బిరడా బిగించిన రోజుతో ముగిసిపోయింది. ఆపైన దాని బాగోగులు అమ్మినవారివి, దాచినవారివి, చివరగా తెరిచేవారివి. ఆ మూడు దశల్లో ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకుండా ఊరుకోవాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను.

ఉదాహరణగా ఒకే సీసాను తీసుకుంటున్నాను. అది ప్రొడుత్తోరి దెల్ బార్బరెస్కో అనే రైతుల సహకార సంఘం 2004 పంటతో చేసిన మోంతెస్తెఫనో రిసెర్వా. మోంతెస్తెఫనో ఒక తోట పేరు, రిసెర్వా అంటే మామూలు కంటే ఎక్కువ కాలం మాగనిచ్చిన వైన్. ఈ ఎంపికకు కారణముంది. ఆ సంఘం ఒకే ఊరి చుట్టూ ఉన్న తొమ్మిది తోటల వైన్లను ఒకే పద్ధతిలో చేసి, తొమ్మిదింటినీ విడివిడిగా అమ్ముతుంది. చేసే చెయ్యి, చేసే తీరు మారవు కాబట్టి రుచిలో కనబడే తేడా నేలదే అవుతుంది. ఒక తోట వైన్ అంటే ఏమిటో నేర్చుకోవడానికి ఇంతకంటే సూటి దారి నాకు తెలియదు.

మొదటి అడుగు: సీసాలో ఏముందో తెలుసుకోండి

వాయవ్య ఇటలీలోని పియెమోంతె ప్రాంతంలో, ఆల్బా పట్టణానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, తనారో నదిని చూస్తూ గుట్ట మీద కూర్చున్న చిన్న ఊరు బార్బరెస్కో. ఊరి కొసన ఒక పాత బురుజు ఉంటుంది. చుట్టుపక్కల వాలుల్లో ఎటు చూసినా ద్రాక్ష సాళ్లే. ఈ పేరుతో వైన్ చేయడానికి బార్బరెస్కో, నెయివె, త్రెయిజో ఊళ్లకు, ఆల్బా పరిధిలోని ఒక చిన్న భాగానికి మాత్రమే అనుమతి ఉంది. వాడే ద్రాక్ష ఒక్కటే, నెబ్బియోలో. ఆ పేరు పొగమంచు అనే అర్థమిచ్చే ఇటాలియన్ మాట నుంచి వచ్చిందని చాలామంది చెబుతారు. కోత కాలమైన అక్టోబరులో ఆ లోయలను చూసినవారు ఆ మాటను సులభంగా నమ్ముతారు.

నెబ్బియోలో స్వభావం తెలియకపోతే మాగిన సీసా విషయంలో చేసే పనులకు కారణాలు అర్థం కావు. ఈ ద్రాక్ష తొక్క పలుచన, రంగు కూడా పలుచనే. పులుపు, వగరు మాత్రం చాలా ఎక్కువ. మూడు నాలుగేళ్ల వయసులో తాగితే పచ్చి జామపిందె కొరికినట్టు చిగుళ్లు పట్టుకుపోతాయి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ వగరునిచ్చే పదార్థాలు ఒకదానితో ఒకటి, రంగుతో కూడా కలిసి పెద్దవై, బరువెక్కి, మడ్డిగా అడుగుకు దిగుతాయి. అందుకే ముదురు వయసులో వైన్ మెత్తబడుతుంది, రంగు ఇటుక ఛాయకు తిరుగుతుంది, సీసా అడుగున మెత్తని మడ్డి చేరుతుంది. ఈ మూడూ ఒకే పరిణామానికి మూడు ముఖాలు. మడ్డిని చూసి వైన్ పాడైందని పారబోసినవారిని నేను చూశాను. అది పాడైన గుర్తు కానే కాదు.

ఇక చేసినవారి సంగతి. 1894కు ముందు ఈ ఊరి నెబ్బియోలో పండు పొరుగునున్న బరోలో వైన్‌లోకి వెళ్లేది, లేదా ఉత్త నెబ్బియోలోగా అమ్ముడుపోయేది. ఆల్బాలోని వైన్ విద్యా పాఠశాలకు అధిపతిగా ఉన్న డొమిత్సియో కవాత్సా బార్బరెస్కోలో కూడా నివసించేవాడు. ఈ నేల పండుకు తనదైన గుణముందని గుర్తించి, ఆ సంవత్సరం తొమ్మిది మంది రైతులను కూడగట్టి, ఊళ్ళో తనకున్న కోటలో వైన్ చేయించాడు. బార్బరెస్కో అనే పేరు సీసా మీద నిలబడింది ఆ ప్రయత్నంతోనే. ఫాసిస్టు పాలన నాటి ఆర్థిక నిబంధనల వల్ల ఆ సంఘం మూతపడింది. 1958లో ఊరి చర్చి పూజారి డోన్ ఫియోరీనో మరెంగో, చిన్న కమతాల రైతులు ఎవరికి వారుగా బతకలేరని గ్రహించి, పందొమ్మిది మందిని మళ్లీ ఒక చోట చేర్చాడు. మొదటి మూడు పంటల వైన్ చర్చి నేలమాళిగలో తయారైంది. తరువాత అదే కూడలిలో, చర్చికి ఎదురుగా కట్టుకున్న భవనమే నేటికీ సంఘం నెలవు.

ఇప్పుడు ఆ సంఘంలో యాభైకి పైగా కుటుంబాలు, వంద హెక్టార్లకు పైగా, అంటే మన లెక్కలో సుమారు రెండు వందల యాభై ఎకరాల నెబ్బియోలో తోటలు ఉన్నాయి. సభ్యుడు తన నెబ్బియోలో పంట మొత్తాన్ని సంఘానికే ఇవ్వాలి. మంచి పండు ఇంట్లో ఉంచుకుని మిగిలింది తోలడం కుదరదు. పండు నాణ్యతను బట్టి డబ్బు ముడుతుంది. సహకార సంఘం అనగానే మన పాల కేంద్రాలు, చక్కెర మిల్లులు, వాటి రాజకీయాలు గుర్తొచ్చి పెదవి విరిచేవారు ఉండవచ్చు. ప్రపంచంలో అత్యుత్తమ వైన్ సహకార సంఘాలను లెక్కించేవారు దీన్ని మొదటి వరుసలో పెట్టడానికి కారణం మాత్రం ఈ ఒక్క షరతే అని నా నమ్మకం.

1967 నుంచి సంఘం మేలైన తోటల పండును విడిగా సీసాలకెత్తడం మొదలుపెట్టింది. చిత్రంగా, అదే ఊళ్ళో గాయా కుటుంబం తమ సోరీ సాన్ లొరెంత్సో తోట వైన్‌ను మొదటిసారి విడిగా చేసిందీ అదే పంటతోనే. సంఘం తొమ్మిది తోటల పేర్లు అసీలి, రబయా, పోరా, మోంతెస్తెఫనో, ఒవెల్లో, పయె, మోంతెఫీకో, ముంకగోత, రియో సోర్దో. పాత సీసాల మీద ముంకగోత పేరు మొక్కగత్తా అని ఉంటుంది, రెండూ ఒకటే. అసీలి సన్నని సువాసనకు, పోరా మెత్తదనానికి, మోంతెఫీకో బిగువుకు పేరుపడ్డాయి. మోంతెస్తెఫనో వీటన్నిటిలో కండ గలది. దక్షిణానికి తిరిగిన వాలు, సున్నపు పాళ్లున్న బంకనేల కలిసి దానికి ఆ బలాన్నిస్తాయి. బార్బరెస్కోలలో బరోలో లాంటిదని దాన్ని అంటూ ఉంటారు. అందుకే అది నిలవకు అనువైనది, తొందరపడేవారికి అననువైనది.

రెండవ అడుగు: చీటీని చదవండి

చీటీ మీద నాలుగు విషయాలు చూడాలి. మొదటిది రిసెర్వా అనే మాట. మామూలు బార్బరెస్కోను, పంట ఏడాది నవంబరు 1 నుంచి లెక్కిస్తే, కనీసం 26 నెలలు మాగనివ్వాలి. రిసెర్వాను 50 నెలలు. రెండింటిలోనూ కనీసం 9 నెలలు చెక్క పీపాలో గడవాలి. ఆ లెక్కన 2004 రిసెర్వా 2009 జనవరికి ముందు బజారుకు రాకూడదు. ఈ సంఘం చెక్క విషయంలో చట్టం అడిగినదానికంటే చాలా ఉదారం: రిసెర్వాలు సుమారు మూడేళ్లు పెద్ద ఓక్ పీపాల్లోనే గడుపుతాయి. ఆ పీపాలు చాలా పెద్దవి, పాతవి కాబట్టి వైన్‌కు చెక్క వాసన అంటుకోదు. చెక్క రంధ్రాల గుండా అతి నెమ్మదిగా గాలి మాత్రం తగులుతుంది.

రెండవది తోట పేరు. బార్బరెస్కోలో 2007లో తోటల హద్దులను చట్టబద్ధంగా గీసి 66 పేర్లను గుర్తించారు. మన సీసా 2004 నాటిది కాబట్టి అంతకుముందరి వాడుక పేరే దాని మీద ఉంటుంది. మోంతెస్తెఫనో విషయంలో పేరు మారలేదు. మూడవది మెడ మీద అంటించిన ప్రభుత్వ సంఖ్యా పట్టీ. 1980లో ఇటలీ అత్యున్నత నియంత్రణ శ్రేణి అయిన డి.ఓ.సి.జి.లోకి చేరిన వైన్లలో బార్బరెస్కో ఒకటి. ఆ పట్టీ దానికి నిదర్శనం. చిరిగినా మసకబారినా ఫరవాలేదు, అసలు లేకపోతే మాత్రం అమ్మేవారిని అడగాలి.

నాలుగవది నాకు చాలా ఇష్టమైనది. సీసాను వెనక్కి తిప్పితే, ఆ తోటలో భాగం ఉన్న రైతుల కుటుంబాల పేర్లు కనబడతాయి. ఇంత పేరున్న వైన్ మీద ఒక దొరగారి ముద్ర కాకుండా అరడజను రైతు ఇళ్ల పేర్లు అచ్చవడం అరుదు.

మూడవ అడుగు: ఏ ఏడాదిది, ఎప్పటికి సిద్ధం

నాణ్యత సరిపోదనుకున్న ఏడాది సంఘం రిసెర్వాలను చేయదు. పండంతా మామూలు బార్బరెస్కోలోకే వెళుతుంది. చలి, వాన, వడగళ్లతో గడిచిన 2002 అలాంటి ఏడాది. ఇది కొనేవారికి ఒక రకమైన భరోసా: తోట పేరున్న సీసా కనబడిందంటే ఒక వడపోత అప్పటికే జరిగిపోయింది.

2004 పంట దండిగానూ, సమతూకంగానూ వచ్చింది. అంతకుముందరి 2003 వేసవి యూరప్‌ను మాడ్చేసిన వేసవి కాబట్టి, దాని పక్కన 2004 మరింత చల్లగా, నిదానంగా అనిపిస్తుంది. 1996, 2001, 2008, 2013, 2016 కూడా ఇలాంటి నిలకడ గల సంవత్సరాలే. 2011 ఎండ ఎక్కువైన ఏడాది. త్వరగా విచ్చుకుంటుంది, కాబట్టి ఎదురుచూసే ఓపిక లేనివారికి సరిపోతుంది. 2014లో వానలు బరోలోను బాధించినంతగా బార్బరెస్కోను బాధించలేదు. ధరకు తగిన బేరం అక్కడ దొరుకుతుంది.

మోంతెస్తెఫనోను పది పన్నెండేళ్లకు ముందు తెరవడం నాకు ఇష్టం ఉండదు. పదిహేను నుంచి ఇరవై ఐదేళ్ల మధ్య అది నిండుగా పలుకుతుంది. ఆ పైన సీసాకూ సీసాకూ తేడా పెరుగుతుంది. ఒకే పెట్టెలోని రెండు సీసాలు అన్నదమ్ముల్లా కాక దూరపు బంధువుల్లా ఉంటాయి. రెండు కొనగలిగితే రెండే కొని, ఒకటి ముందు తెరిచి చూడండి. రెండోదాన్ని ఎప్పుడు తెరవాలో మొదటిది చెబుతుంది.

నాలుగవ అడుగు: కొనేటప్పుడు సీసాను పరీక్షించండి

పాత సీసాను కొనేటప్పుడు వైన్ వయసు కంటే అది ఇన్నాళ్లూ ఎక్కడ పడుకుందన్నది ముఖ్యం. ఇటలీలోనో, ఇంగ్లండులోనో చల్లని నేలమాళిగలో ఒకే చోట ఉన్న సీసాకు, మూడు దేశాలు తిరిగిన సీసాకు చీటీ ఒకటే ఉంటుంది, వైన్ ఒకటి కాదు. అమ్మేవారు ఆ చరిత్ర చెప్పలేకపోతే, ధర ఎంత ఆశపెట్టినా వెనక్కి తగ్గడం మంచిది.

కంటితో చూడదగినవి కూడా ఉన్నాయి. సీసాను నిలబెట్టి, వైన్ మట్టం ఎక్కడుందో చూడండి. ఇరవై ఏళ్ల సీసాలో మట్టం మెడలోనే, బిరడాకు రెండు మూడు సెంటీమీటర్ల దిగువన ఉంటే బాగున్నట్టు. మెడ దాటి భుజం వంపులోకి దిగితే అంత మేర గాలి లోపలికి చేరినట్టే. మెడ తొడుగును వేలితో మెల్లగా తిప్పి చూడండి. తిరిగితే మంచిదే, గట్టిగా అతుక్కుపోయి జిగురుగా తగిలితే వైన్ ఎప్పుడో బయటికి కారింది. బిరడా అంచు కంటే పైకి పొడుచుకు వచ్చిందంటే ఎక్కడో వేడి తగిలింది. వెలుతురుకు అడ్డంగా పెడితే మెడ దగ్గర రంగు దానిమ్మ ఎరుపు, ఇటుక ఎరుపు మధ్య ఉండాలి. టీ డికాషన్ లాంటి మురికి గోధుమరంగు కనబడితే ఆశ వదులుకోవచ్చు.

చీటీ మరకలను మాత్రం పట్టించుకోవద్దు. తేమ గల నేలమాళిగ చీటీని పాడుచేస్తుంది, బిరడాను కాపాడుతుంది.

ఐదవ అడుగు: తేవడం, దాచడం

విదేశం నుంచి భారతదేశానికి వచ్చేవారు సుంకం లేకుండా తెచ్చుకోగలిగిన మద్యం రెండు లీటర్లు. అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. వాటిని సామానులో వేయక తప్పదు కాబట్టి బట్టల మధ్య, పెట్టె నడిమధ్యలో, తగిన చుట్టుతో పెట్టాలి. ప్రయాణం తరువాత పాత వైన్ కొన్నాళ్లు కలతగా ఉంటుంది, మడ్డి అంతా లేచిపోతుంది. కనీసం మూడు నాలుగు వారాలు కదలకుండా పడుకోబెట్టండి.

దాచడానికి 12 నుంచి 14 డిగ్రీల నిలకడైన చల్లదనం, మధ్యస్థమైన తేమ, చీకటి, కదలిక లేని చోటు కావాలి. సీసాను అడ్డంగా పడుకోబెడితే బిరడా తడిగా ఉండి, ఎండి కుంచించుకుపోకుండా నిలుస్తుంది. అంకె ఎంత అన్నదాని కంటే నిలకడ ముఖ్యం: ఏడాది పొడవునా 17 డిగ్రీలు ఉన్న గది, రాత్రి 14, పగలు 24 అయ్యే గది కంటే మేలు.

ఇక్కడ మన ఊళ్ల సంగతి చెప్పక తప్పదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, ఏసీ ఆపిన గది సాయంత్రానికి 34, 35కు చేరుతుంది. వైన్ వ్యాకోచించి బిరడాను నెడుతుంది, రాత్రి చల్లబడి లోపలికి గాలి పీల్చుకుంటుంది, మళ్లీ నెడుతుంది. నా మొదటి పాత బార్బరెస్కోను రెండో అంతస్తు ఫ్లాట్‌లో, బీరువా పైన, ఒక వేసవి అంతా ఉంచాను. ఆగస్టులో తెరిచేసరికి బిరడా పక్కన సన్నని జిగురు గీత కనబడింది. గ్లాసులో ఉడికించిన కిస్‌మిస్ వాసన తప్ప ఏమీ మిగల్లేదు. తప్పు ఎవరిదో వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

కాబట్టి ఒక వేసవికి మించి దాచదలిస్తే చిన్న వైన్ ఫ్రిజ్ కొనండి, దానికి ఇన్వర్టర్ కలపండి. అది లేనప్పుడు మామూలు ఫ్రిజ్ కింది అర, వస్త్రంలో చుట్టి, కొన్ని వారాల పాటు ఫరవాలేదు. ఏళ్ల తరబడి అయితే అక్కడి పొడి గాలి బిరడాను ఎండగడుతుంది, కంప్రెసర్ అదురు మడ్డిని కుదురుగా ఉండనివ్వదు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన వాళ్లకు ఈ బాధ కొంత తక్కువ. అయినా గరాజ్ అరను మాత్రం నమ్మవద్దు, టెక్సస్ వేసవి మన వేసవికి తీసిపోదు.

ఆరవ అడుగు: రెండు రోజుల ముందు నిలబెట్టండి

తెరవదలచిన రోజుకు కనీసం రెండు రోజుల ముందు, వీలైతే నాలుగు రోజుల ముందు, సీసాను నిలువుగా పెట్టండి. పక్కకు పేరుకున్న మడ్డి గోడ వెంట జారి అడుగు గుంటలోకి చేరడానికి అంత సమయం పడుతుంది. నెబ్బియోలో మడ్డి ఇసుకలా బరువైనది కాదు, పిండిలా సన్ననిది. ఒకసారి లేచిందంటే గంటలో కూర్చోదు. ఆ మడ్డి వైన్‌లో కలిస్తే రుచి చేదెక్కుతుంది, సువాసన మూగబోతుంది. దీనికి డబ్బు ఖర్చేమీ లేదు, అయినా ఎక్కువమంది దాటేసే అడుగు ఇదే.

తెరిచే రోజున వైన్ 16 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండాలి. గది ఉష్ణోగ్రతలో తాగాలన్న పాత మాట ఐరోపాలోని చల్లని రాతి గదులకు చెందింది. మన గదుల్లో అలా పెడితే ఆల్కహాల్ ముక్కుకు గుచ్చుకుంటుంది, గులాబీ వాసన మాయమవుతుంది. వైన్ ఫ్రిజ్ నుంచి తీసినదాన్ని అరగంట బయట ఉంచితే చాలు.

ఏడవ అడుగు: బిరడా తీయండి

ఇరవై ఏళ్ల బిరడా పైభాగం గట్టిగా, కింది భాగం తడిసి నానిన అటుకుల ముద్దలా ఉంటుంది. బిరడాలు తీసే మామూలు మరమేకు దాని నడుమ దూరి, పై సగాన్ని మాత్రమే లాగి, కింది సగాన్ని మెడలో వదిలేస్తుంది. అందుకని రెండు సన్నని ఉక్కు రేకులుండే పట్టుకారు వాడడం మేలు.

మెడ తొడుగును అంచు కిందిదాకా పూర్తిగా తొలగించండి. బిరడా పైన నల్లని బూజు ఉంటే తడి గుడ్డతో తుడవండి. అది నేలమాళిగ తేమ గుర్తు, హాని లేదు. సీసాను బల్ల మీదే నిలిపి, ఒంచకుండా, రెండు రేకులలో పొడవైనదాన్ని బిరడాకూ గాజుకూ మధ్య ముందు దూర్చండి. పొట్టిదాన్ని ఎదురు పక్కన పెట్టి, రెండింటినీ అటూ ఇటూ మార్చి మార్చి, తాళం చెవిని తుప్పు తాళంలోకి జారనిచ్చినంత నెమ్మదిగా, పిడి బిరడాకు ఆనేదాకా దించండి. బిరడాను కిందికి నెట్టకూడదు. అది కదిలినట్టనిపిస్తే ఆగి కోణం మార్చండి. ఆపైన తిప్పుతూ లాగాలి, లాగుతూ తిప్పాలి. చివరి సెంటీమీటరు దగ్గర ఊపిరి బిగపట్టి ఆగితే, చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడుతో బయటికి వస్తుంది.

అయినా విరిగితే కంగారు పడవద్దు. మిగిలిన ముక్కలోకి మరమేకును ఏటవాలుగా దింపి, గాజు గోడకు ఒత్తిపట్టి పైకి తీయండి. అదీ కుదరకపోతే లోపలికి నెట్టేసి, శుభ్రమైన, వాసన లేని పల్చని గుడ్డ గుండా వైన్ వంచుకోండి. సబ్బుతో ఉతికిన గుడ్డ మాత్రం వద్దు. వైన్‌కు సబ్బు వాసన ఇట్టే పడుతుంది.

మెడ లోపలి అంచును తడి గుడ్డతో చుట్టూ తుడిచి, ఒక గుక్కెడు గ్లాసులో పోసి వాసన చూడండి.

ఎనిమిదవ అడుగు: మొదటి గుక్కలో దోషం వెతకండి

మొదటి వాసనతోనే తీర్పు చెప్పకండి. ఇన్నేళ్లు మూతలో ఉన్న వైన్ మొదట కొంత మూసిన గది వాసన, పాత చెక్కపెట్టె వాసన వేస్తుంది. పదిహేను నిమిషాల్లో అది చెదిరిపోవాలి. చెదిరిపోకుండా పోనుపోనూ పెరిగితే అది వేరే సంగతి. తడి అట్టపెట్టె, నానిన గోనెసంచి వాసన వస్తే, అది టి.సి.ఏ. అనే పదార్థం బిరడా నుంచి దిగిన దోషం. లీటరులో కొన్ని నానోగ్రాముల పాటి ఉన్నా ముక్కు పట్టేస్తుంది, దానికి మందు లేదు. వెనిగర్ ఘాటు, గోళ్ల రంగు తుడిచే ద్రవపు వాసన ముందుకు వస్తే ఆవిరయ్యే ఆమ్లాలు మితిమీరినట్టు. పిసరంత ఉంటే పాత నెబ్బియోలోకు అందమే. పండు వాసన పూర్తిగా పోయి వాల్‌నట్, పాత సోయా సాస్ మాత్రమే మిగిలితే గాలి తిన్న సీసా.

దోషం లేని 2004 మోంతెస్తెఫనోలో ఏముంటుందంటే, ముందు ఎండిన గులాబీ రేకులు, దాని వెనుక రోడ్డు వేసేటప్పుడు వచ్చే తారు వాసన అతి పల్చగా, తరువాత పొగాకు ఆకు, తోలు, తడిసిన ఎండుటాకులు, పుట్టగొడుగులు. నోట్లో పులుపు ముందు పలకరిస్తుంది. వగరు ఇంకా ఉంటుంది, అయితే పిందె వగరు కాదు, వక్కపలుకు వగరు. మోంతెస్తెఫనో చివర్లో కాస్త బిగిసినట్టే ఉంటుంది. ఆ బిగువు దాని నేల ముద్ర, లోపంగా లెక్కించకండి.

తొమ్మిదవ అడుగు: తేట వంచండి, లేదా ఊరుకోండి

ఇక్కడ వైన్ తెలిసినవారిలోనే రెండు పక్షాలున్నాయి. ఒకరు సీసా తెరిచి, భుజం దాకా తగ్గేలా కొంచెం వైన్ తీసేసి, ఏమీ కదపకుండా నాలుగైదు గంటలు అలాగే నిలబెట్టమంటారు. మరొకరు తేటను వేరే గాజు పాత్రలోకి వంచి మడ్డిని వదిలించమంటారు. నా మాట ఇది: ఇరవై ఏళ్ల మోంతెస్తెఫనో అయితే వంచండి, వడ్డనకు రెండు గంటల ముందు. ముప్పై దాటిన సీసా అయితే మొదటి పద్ధతి మేలు. బలహీనమైన పాత వైన్ పెద్ద పాత్రలో గాలి తగిలి గంటలోనే వాలిపోతుంది.

వంచడం మన ఇళ్లలో తెలియని పని కాదు. చారు గిన్నెలో అడుగు కదలకుండా పైతేట మాత్రం పోసుకునే చెయ్యి ఎలా వంగుతుందో, ఇక్కడా అంతే. ఫోన్ టార్చిని బల్ల మీద పైకి వెలుగుపడేలా పెట్టి, సీసా భుజం ఆ వెలుగుకు పైన ఉండేలా పట్టుకోండి. ఒకే ధారగా, మధ్యలో ఆపి సీసాను మళ్లీ నిలబెట్టకుండా పోయండి. ముప్పావు వంతు దాటాక వేగం తగ్గించండి. పొగలాంటి సన్నని తోక ఒకటి భుజం వంపులోకి పాకడం కనబడుతుంది. ఆ తోక మెడను చేరగానే ఆపేయాలి. అడుగున మిగిలేది రెండు మూడు చెంచాలు, మహా అయితే అరగ్లాసు. దాన్ని పారబోయకుండా మాంసం వండే పులుసులో కలపవచ్చు.

పదవ అడుగు: గ్లాసు, వడ్డన

గ్లాసు వెడల్పు బొజ్జ, ఇరుకు నోరు గలదై ఉండాలి. అంతకుమించి ఖరీదు అవసరం లేదు. వంటగది అరలో నెలల తరబడి బోర్లించిన గ్లాసుకు అర వాసన అంటుకుంటుంది కనుక ముందు వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. మూడో వంతు మాత్రమే పోయండి. ఒక సీసా ఆరుగురికి చిన్న గ్లాసుల చొప్పున వస్తుంది. నలుగురైతే ప్రతి ఒక్కరికీ వైన్ గంటల వ్యవధిలో ఎలా మారుతుందో చూసే అవకాశం దక్కుతుంది. గదిలో అగరొత్తులు, మల్లెపూలు, ఘాటైన అత్తరు ఆ పూటకు వద్దు.

పదకొండవ అడుగు: పక్కన ఏం తినాలి

ఆ ఊళ్లలో దీని పక్కన సన్నగా తరిగిన గుడ్డుసొన పాస్తా తజరిన్, మాంసం కూరి వెల్లుల్లి రెబ్బంత చిన్నగా నొక్కిన ప్లిన్, ఎర్ర వైన్‌లో గంటల తరబడి ఉడికించిన గొడ్డు మాంసం పెడతారు. శరదృతువులో ఆల్బా తెల్ల ట్రఫుల్ దొరికితే దాన్ని పాస్తా మీద తురుముతారు. మాగిన నెబ్బియోలోలోని పుట్టగొడుగు వాసన, దాని వాసన ఒకదానికొకటి జోడీ.

మన వంటలో ఇబ్బంది కారంతో. మిరపకారం ఆల్కహాల్ మంటను, వగరును రెట్టింపు చేస్తుంది. గుంటూరు కారం దట్టించిన కోడికూర ముందు ఈ వైన్ చేదు కషాయంలా తోస్తుంది. గోంగూర మాంసం పులుపు, వైన్ పులుపు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. సరిపోయేవి ఉన్నాయి: మిరియాలు, ఉల్లి, కొంచెం ధనియాలతో మెత్తగా ఉడికి నెయ్యి తేలిన మేక మాంసం, ఎండుమిర్చి లేకుండా నేతిలో వేయించిన పుట్టగొడుగులు. కొవ్వు, మాంసకృత్తులు వగరును పట్టుకుని మెత్తబరుస్తాయి. వంట రుచిగా చేయాలన్న ఉత్సాహంలో మసాలా పెంచేవారిని ఆ ఒక్క పూట వంటింటికి దూరంగా ఉంచడమే కష్టమైన పని.

పన్నెండవ అడుగు: మిగిలితే

సగం మిగిలిందని సీసాకే బిరడా పెట్టి ఉంచితే, లోపలి గాలి రాత్రంతా పని చేస్తుంది. 375 మిల్లీలీటర్ల చిన్న సీసా ఒకటి ముందే కడిగి సిద్ధంగా పెట్టుకుని, తేట వంచిన వెంటనే, తాగడం మొదలుపెట్టకముందే, దాన్ని నోటి అంచు దాకా నింపి బిగించి ఫ్రిజ్‌లో పెట్టేయండి. మరునాడు గంట ముందు బయటికి తీసి, నిన్నటి గ్లాసు జ్ఞాపకంతో పోల్చి చూడండి. బలంగా ఉన్న 2004 సీసాల్లో వగరు రెండో రోజుకు ఇంకాస్త సడలి, గులాబీ మరింత ముందుకు వస్తుంది. మూడో రోజు దాకా మాత్రం ఉంచవద్దు.